పద్దెనిమిది అడుగులు ఎక్కువ

"ఏందో చెప్పకు. ఎవరిదో చెప్పకు. పొడుగెంతో గది చెప్పు."

విఠల్‌రావు కళ్లజోడు సర్దుకుని ఫారం మీదికి వంగాడు. ఎదురుగా నిలబడ్డ లారీ డ్రైవర్ ఇశ్రాయేలు ఏదో చెప్పబోయి మింగేశాడు.

"నలభై ఎనిమిది అడుగులు సార్."

"హద్దు ముప్పై. పద్దెనిమిది ఎక్కువ."

నయాపూల్ దగ్గర, పేరు చెప్పకూడని ఒక ఆఫీసులో, కొలతకు మించిన సరుకు మోసే లారీలకు పర్మిట్లు ఇచ్చే సీటు విఠల్‌రావుది. అవి ఎమర్జెన్సీ రోజులు. గుమాస్తాలు వేళకు వస్తున్నారు, ఫ్యాన్లు వేళకు తిరుగుతున్నాయి. ఫైళ్లు మాత్రం తమ పాత పద్ధతి మానుకోలేదు. విఠల్‌రావు లంచం ముట్టడు, ఎవరైనా ఇప్పిస్తే చాయ్ కూడా తాగడు. నిప్పులాంటి మనిషి అని అందరూ అంటారు. దగ్గరికి వెళ్లినవాళ్లకు ఆ సంగతి ఇంకా బాగా తెలుసు.

ఆయనకో సిద్ధాంతం ఉంది. లారీలో సరుకేమిటో అడిగితే, అది ఎవరిదో తెలుస్తుంది. ఎవరిదో తెలిస్తే జాలి పుడుతుంది. జాలి పుడితే రూలు వంగుతుంది. అందుకే ఇరవై ఏళ్లలో ఆయన ఒక్క లారీలోకీ తొంగి చూడలేదు. అంతటివాడు అడగని సంగతి మనం అడగడం మర్యాద కాదు.

ఇశ్రాయేలు లారీని జల్‌పల్లి దగ్గరి నాకాలో, అంటే చెక్‌పోస్టులో, ఆపేసి ఐదు రోజులైంది. కాంట్రాక్టర్ బసవయ్య ఒకటే మాట చెప్పి పంపాడు. శుక్రవారం తెల్లారేసరికి సరుకు పాతబస్తీలో దిగాలి, దాని మీద చిన్న గాటు కూడా పడకూడదు. తేడా వస్తే ఇశ్రాయేలు ఇంకో బండి చూసుకోవాల్సిందే. పదకొండేళ్లుగా అతని ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ స్టీరింగ్ వల్లే. ఇవాళ గురువారం.

"పొడుగు సరుకుకు స్పెషల్ పర్మిట్ ఇస్తరట గద సార్?"

"ఇస్తం. ముక్కలు చెయ్యరానిదైతే ఇస్తం. చెయ్యొస్తదంటే మాత్రం ముక్కలు చేసి తీస్కపోవాలె. గిది రూలు."

"ఇది ముక్కలు చెయ్యరానిదే సార్."

"కాయితం ఏది మరి?"

కాగితం కోసం ఇశ్రాయేలు తిరగని చోటు లేదు. సోమవారం విఠల్‌రావే అతన్ని ఇంజనీరు దగ్గరికి పంపాడు. సరుకు చూడందే రాసివ్వనన్నాడు ఇంజనీరు. పర్మిట్ లేందే తాడు విప్పనివ్వమన్నారు నాకావాళ్లు. పర్మిట్ ఏమో విఠల్‌రావు దగ్గర ఉంది. మొత్తం వ్యవహారం గుండ్రంగా, ఎక్కడా అతుకు కనబడకుండా కుదిరింది.

"కాయితం లేకుంటే నేనే అడుగుత. కోస్తే తెగుతదా, తెగదా?"

అబద్ధమాడే అలవాటు లేకపోవడం ఇశ్రాయేలు దురదృష్టం.

"తెగుతది సార్. కానీ..."

"ఫారంల తెగుతది అని ఒక గడి ఉంది, తెగదు అని ఒక గడి ఉంది. కానీ అని గడి లేదు."

విఠల్‌రావు మొదటి గడిలో టిక్కు పెట్టాడు. చాలా అందమైన టిక్కు.

"మీ కాళ్లు మొక్కుత సార్. ఒక్కపారి నాకా కాడికొచ్చి చూడుండ్రి. చూస్తే మీరే అంటరు, దీన్ని కోయొద్దని."

"అంటనని తెలుసు గనుకనే చూస్తలేను."

ఇశ్రాయేలు ఇంకో దారి వెతికాడు. "పోనీ ఇప్పుడే పెద్దసారును..."

"పెద్దసారు రేపు గాని రాడు. రేపు, ఎల్లుండి నేను సెలవు. నేను లేకుంటే ఫైలు కదలదు. సోమవారం రా."

"సోమవారమంటే నా కొలువు పాయె సార్. పిల్లలు గలోన్ని."

విఠల్‌రావు మనసు కరిగింది. నవ్వకండి, నిజంగానే కరిగింది. తన వల్ల ఒక పేదవాడి ఉద్యోగం పోకూడదనుకున్నాడు. వారం పట్టే ఆర్డరును ఇరవై నిమిషాల్లో తానే రాశాడు. నాకా సిబ్బంది దగ్గరుండి సరుకును సమానంగా రెండు ముక్కలు చేయించి, రెండు బండ్లలో తరలించవలెను. మూడు కాపీలు. మూడింటి మీదా ముద్ర.

"చూసినవా? రూలు వంగలే, నీ పనీ ఆగలే. ఇగ ఫికర్ చెయ్యకు."

ఇశ్రాయేలు ఆ కాగితం పట్టుకుని బయటికి నడిచాడు. వద్దంటే లారీని సోమవారం దాకా వదలరు. అవునంటే ఏమవుతుందో అతనికి తెలుసు. బస్సెక్కాడు.

మధ్యాహ్నం నాకాలో కోత మొదలైంది. ఇశ్రాయేలు చూడలేకపోయాడు. రోడ్డు అవతల కూర్చుని, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఒక్కో ముక్క సరిగ్గా ఇరవై నాలుగు అడుగులు వచ్చింది. నాకా జమేదారు టేపు పెట్టి కొలిచి, సర్కారు పని అంటే ఇట్లుండాలని మెచ్చుకున్నాడు.

చీకటి పడేలోగా ఇంకో లారీ దొరికింది. బసవయ్యకు ఏం చెప్పాలో ఇశ్రాయేలుకు తెలియలేదు. సరుకును చేర్చమన్న చోటికి చేర్చడం ఒక్కటే తెలిసింది.

శుక్రవారం సూర్యోదయం వేళ, నాలుగు తరాలుగా తమ ఇంటివాళ్లే అర్చన చేస్తున్న గుడి ముందు, అడవంతా గాలించి ఎంపిక చేయించిన ఒంటి మాను ధ్వజస్తంభం కోసం పట్టుపంచె కట్టుకుని, హారతి పళ్లెంతో నిలబడ్డ విఠల్‌రావు ఎదుట, ఒకదాని వెనక ఒకటిగా రెండు లారీలు వచ్చి ఆగాయి.