మొదటి గ్లాసు

తండ్రి నోటిదాకా వెళ్ళిన గ్లాసును జెన్నీ గబుక్కున పట్టుకుంది. "తాగొద్దు డాడీ!"

భిలాయిలో ఇనుముకు యాసిడ్‌తో తుప్పు వదిలించే వర్క్‌షాపు పెట్టిన నాటినుంచీ డేవిడ్‌రాజ్‌ది ఒకటే పద్ధతి. రోజూ అక్కడి బోరు నీళ్ళు మొదట తనే తాగుతాడు. ఆ తరవాతే పని.

"ఏటైందే?"

జెన్నీ గ్లాసు వదల్లేదు. "మీరు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ వాడేసిన యాసిడ్ నీళ్ళలో విరుగుడుకి సున్నం కలపనివ్వలేదు డాడీ. అలాగే బోరు వెనక గోతిలోకి వదిలించేశాను. ఖర్చు తగ్గుతుందని..."

డేవిడ్‌రాజ్ బోరు వైపు తిరిగాడు. పనివాళ్ళు సీసాలు నింపుకుంటున్నారు.

"అరే, రుకో! ఆ నీళ్ళు పారబోసేయండ్రా!" అని కేక పెట్టి, కూతురి వైపు చూశాడు.

"ఇన్నాళ్ళూ ఆళ్ళు తాగుతుంటే రాని బయం, ఇయ్యాల నాను తాగబోతే వచ్చిందేటమ్మా?"