హఫ్సా ఆఖరి ప్రాక్టికల్

కౌన్సెలింగ్ ఎమ్మెస్సీలో హఫ్సాకి అది ఆఖరి ప్రాక్టికల్. కష్టం చెప్పుకునే మనిషిగా నటించడానికి మంగళగిరి నుంచి రావలసినామె రాలేదు. పరీక్ష జరగకపోతే ఏడాది పోతుంది. వరండాలో కూర్చున్న బాలత్రిపురసుందరి అనే పెద్దావిణ్ణి బతిమాలి లోపలికి తీసుకొచ్చింది.

"కానివ్వండి," అన్నారు ప్రొఫెసర్, మార్కుల కాగితంలోంచి తలెత్తకుండానే.

"ఏదో ఒక కష్టం ఊహించుకుని చెప్పండాంటీ."

"ఊహించుకోవడం ఎందుకమ్మా? మా ఆయన ఊరందరి గోడూ వింటారు. ఇంట్లో మాత్రం 'ఊఁ' తప్ప ఇంకో మాట రాదు. మొన్న పరీక్ష పెట్టాను. పప్పులో పాము పడిందండీ అన్నాను. 'ఊఁ, వడ్డించు' అన్నారు."

హఫ్సా పెదవి కొరుక్కుంది. నవ్విందంటే మార్కులు పోతాయి.

"నవ్వులాటకి కాదమ్మా," అంది ఆవిడ. "ముప్ఫై ఏళ్ళు గోడతో మాట్లాడినట్టుంది. కొండపల్లిలో మా అక్క దగ్గరికి వెళ్ళిపోదామని బట్టలు కూడా సర్దుకున్నాను."

"ఈ సంగతి అంకుల్‌కి చెప్పారా?"

"ఇప్పుడు చెప్తున్నాగా," అని ఆవిడ ప్రొఫెసర్ వైపు తిరిగింది.

ప్రొఫెసర్ తలెత్తారు. చేతిలో పెన్ను జారి కిందపడింది. "అది కాదు సుందరీ, నేను చెప్పేది..." అంటూ గబగబా లేచారు.

హఫ్సా తన మార్కుల కాగితం వైపు ఒక్కసారి చూసుకుంది.

"కూర్చోండి సార్," అంది. "ఆంటీ మాట ఇంకా పూర్తవలేదు."