ఐదింటికి అక్కడ, ఐదుంపావుకి ఇక్కడ

పెళ్ళిళ్ళు కుదిర్చే పునీత అంతోనివారి బొమ్మను ఎవరైనా కానుకగా ఇస్తే ఫలితం సున్నా. దొంగిలిస్తేనే దొంగకు పెళ్ళవుతుంది. లిస్బన్‌లో ఈ సంగతి తెలియని బ్రహ్మచారి లేడు. అందుకే ఎవరిస్తు అనే బ్రహ్మచారి, నెత్తిన నాలుగు వెంట్రుకలు మిగిలిన వయసులో, మాడ్రిడ్‌లో ఉన్న చెల్లెలు గ్రాసిండా ఇంటికి కన్నం వేయడానికి బయలుదేరాడు. నాయనమ్మ నాటి అంతోనివారు ఆ ఇంట్లోనే ఉన్నారు.

పెళ్ళికూతురు కూడా సిద్ధమే. ఆమెకు తెలియదు, అంతే. లిస్బన్ విమానాశ్రయంలో కాఫీ కొట్టు నడిపే ఇదలీన.

భయమల్లా గ్రాసిండా మొగుడు బల్తసార్ గురించే. రిటైరైన పోలీసు. దొంగ దొరికితే కాళ్ళు విరగ్గొట్టి చేతికిచ్చే రకం.

దానికీ ఉపాయం దొరికింది. క్రిస్మస్‌కు లిస్బన్ వచ్చినప్పుడు గ్రాసిండానే మాటల్లో అంది: "మన రెండూళ్ళకీ మధ్య ఐదువందల కిలోమీటర్లు, గంటుంపావు ప్రయాణం. కానీ మీ గడియారం మాకంటే గంట వెనక కదన్నయ్యా! అక్కడ ఐదింటికి ఎక్కితే ఇక్కడ ఐదుంపావుకి దిగుతావు. దొంగల కోసమే వేసినట్టుంది ఆ విమానం!"

మాడ్రిడ్ భోంచేసి కునుకు తీసే వేళకు ఎవరిస్తు అక్కడికి చేరాడు. పెరటి తలుపుకు గడియ వేసి లేదు. కుక్క మొరగలేదు సరికదా, ఎముక కొరుకుతూ తోక ఊపింది. ఎప్పుడూ గూట్లో ఉండే అంతోనివారు ఇవాళ గ్రాసిండా ఆడపడుచు ఎన్‌కార్నా తలగడ పక్కన ఉన్నారు. ఎన్‌కార్నా గురకకు కిటికీ అద్దాలు మద్దెల వాయిస్తున్నాయి. ఆ గురక విని మూడు సంబంధాలు ఊరు దాటాయని ప్రతీతి.

ఎవరిస్తు ఊపిరి బిగబట్టి, బొమ్మను సంచిలో వేసుకుని జారుకున్నాడు.

ఐదింటి విమానంలో టోపీ మొహం మీదకు లాక్కుని హాయిగా నిద్రపోయాడు. టికెట్టు మీద తన పేరే ఉందన్న సంగతి ఆ మహామేధావికి తట్టనేలేదు.

దిగీ దిగగానే ఇదలీన కొట్టు ముందు వాలాడు.

"ఇదలీనా, టైమెంతయింది? గట్టిగా చెప్పు, నలుగురూ వినాలి."

"ఐదున్నర. ఏం, వాచీ తాకట్టు పెట్టావా?"

అంతలో ఫోను మోగింది. గ్రాసిండా.

"అన్నయ్యా, కొంప మునిగింది! ఐదింటికి లేచి చూద్దును కదా, అంతోనివారు లేరు!"

"అయ్యో పాపం! నేను మాత్రం ఐదున్నరకి లిస్బన్‌లో కాఫీ తాగుతున్నాను. ఇదలీనే సాక్షి. అరగంటలో ఐదువందల కిలోమీటర్లు ఎవరు రాగలరు చెప్పు?"

అవతల గ్రాసిండా పకపకా నవ్వింది.

"చిన్నప్పుడు నాయనమ్మ మాట సగం విని ఆటలకి పరిగెత్తేవాడివి. దొంగకు పెళ్ళవుతుంది, నిజమే. కానీ ఎవరి తలగడ పక్క నుంచి దొంగిలిస్తే వాళ్ళతోనే! ఇన్నేళ్ళుగా ఆ గురక వింటున్న ఇల్లు నాది. తలుపు గడియ తీసింది నేను, కుక్కకు ఎముక వేసింది మీ బావ."

ఎవరిస్తు సంచిని కాలితో బల్ల కిందకి తోశాడు. "పోనీలే... ఎన్‌కార్నా అక్కడే నిద్రపోతోందిగా?"

"నీ వెనక సీట్లోనే వచ్చింది, దారంతా నీ గురకకు కునుకు పట్టలేదని ఇప్పుడే ఫోన్ చేసింది, కాస్త వెనక్కి తిరగన్నయ్యా."