రొట్టె రెండో కొన

పట్టాలు పీకేసి కంకర పరిచిన పాత రైలుదారిలో ఓదీల్ సైకిలు మీద ఒంటరిగా ఇంటికొస్తోంది. చీకటిపడింది. వెనక బుట్టలో పొడుగాటి రొట్టె ఉంది. దాని ఒక కొనను, ఊరంతా చేసేట్టే, దుకాణం గుమ్మంలోనే తుంచి తినేసింది.

పాడుబడ్డ రైలుగేటు కాపరి ఇల్లు దాటాక సైకిలు ఎందుకో బరువెక్కింది. దిగి చక్రం నొక్కి చూసింది. గాలి నిండుగానే ఉంది.

ఇంటిముందు మొగుడు జెర్వే బుట్టలోకి తొంగిచూసి పకపకా నవ్వాడు. "ఓసి తిండిపోతుదానా! ఇవాళ రెండు కొనలూ మింగేశావా?"

"వేళాకోళం చాలు. రెండోది నువ్వే తిన్నావు కదూ?"

"నేనింకా ముట్టుకుంటేగా!"

ఓదీల్ అనుమానంగా రొట్టె అందుకుంది. రెండో కొన తుంచినట్టు లేదు, కొరికినట్టు ఉంది. ఇంకా తడిగా ఉంది.

వెనక కంకర కరకరమంది, సైకిలు మీంచి ఎవరో నింపాదిగా దిగినట్టు.