ఎర్ర గీత

సొలొమోను గదిలో గోడకి అంటించిన కాగితం చూసినప్పటి నుంచి హనుమయ్యకి అన్నం సయించడం లేదు.

సొలొమోను ఆయన మేడ మీద అద్దెకుంటున్నాడు. ఇబ్రహీంపట్నంలో కొత్తగా కడుతున్న కరెంటు కేంద్రంలో ఏ పని తర్వాత ఏ పని జరగాలో పటాలు గీయడం అతని ఉద్యోగం. అలాంటి పటమే ఇంట్లోనూ గీశాడు. సున్నాలు, వాటిని కలుపుతూ బాణాలు, మధ్యలోంచి ఓ ఎర్ర గీత. హనుమయ్య కిటికీలోంచి కళ్లు చికిలించి చదివాడు. ఒక సున్నాలో 'దండలు'. ఇంకోదాంట్లో 'రాజ్యలక్ష్మి బయల్దేరాలి'. చివరిదాంట్లో 'గుడిలో పెళ్లి, శుక్రవారం'. నడుమనున్న పెద్ద సున్నా మీద చొక్కా వేలాడుతోంది.

రాజ్యలక్ష్మి ఆయన ఒక్కగానొక్క కూతురు. చీరల కొట్టు కుర్రాడి సంబంధం కులం కాదని పోయినేడు తిరగ్గొట్టినప్పటి నుంచి తండ్రితో ముభావంగా ఉంటోంది. ఇప్పుడు ఇదా? హనుమయ్యకి ఒళ్లు మండిపోయింది.

చర్చికి పోయేవాడికి గుడెందుకని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. పిల్లని మెప్పించడానికే అయ్యుంటుందని సరిపెట్టుకున్నాడు.

సాయంత్రం ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"ఏం సొలొమోనూ, మీ పటాల్లో ఎర్ర గీత గీస్తారంట. అదేంటయ్యా?"

"అదే ప్రాణమండీ. మిగతా పనులు కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు. ఎర్ర గీత మీదున్న పని తప్పితే మొత్తం ఆగిపోద్ది."

హనుమయ్యకి కావలసింది దొరికింది. పెళ్లికొడుకుని కదలనివ్వకపోతే పెళ్లెక్కడ?

శుక్రవారం తెల్లారగానే, "మీ కరెంటు కేంద్రం చూడాలనుందయ్యా" అంటూ సొలొమోనుతో పాటు బస్సెక్కాడు. మంగళగిరి పానకాలస్వామికి మొక్కుందని, కూతుర్ని తీసుకుని వెళ్లొస్తానని భార్య వెంకటరత్నమ్మ అడిగితే నిశ్చింతగా పంపించాడు. దొంగ తన పక్కనే ఉన్నాడుగా.

సొలొమోను టీ తాగితే తనూ తాగాడు. అతను చెట్టు చాటుకెళ్తే తనూ వెళ్లాడు.

పొద్దుగూకాక ఇద్దరూ ఇంటికొచ్చారు. ఆడవాళ్లు ఇంకా రాలేదు. హనుమయ్య అతని వెనకే మేడెక్కి కాగితం ముందు నిలబడ్డాడు.

"నీ ఎర్ర గీత తెంపేశానయ్యా" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

సొలొమోను తల వంచుకున్నాడు.

"నన్ను క్షమించాలి బాబాయి గారూ" అంటూ చొక్కా పక్కకి తీశాడు.

ఎర్ర గీత మీది పెద్ద సున్నాలో ఇలా రాసి ఉంది: 'హనుమయ్య గారు పొద్దుగూకే దాకా నా వెంటే ఉండాలి.'