నలభై ఒకటో నంబరు

“గెలుపు నీదేనయ్యా రెజ్. ఆట లేదని రాసేస్తాను. ఇళ్లకు పోదాం,” అన్నాడు అంపైరు.

మెర్రిగల్ జట్టును తెస్తున్న వ్యాను దారిలో కంగారూని గుద్దింది. మనుషులకేం కాలేదు గాని, వ్యాను ముక్కు ఊడి రోడ్డు పక్కన కూచుంది. ముందు కార్లలో వచ్చినవాళ్లే మైదానం చేరారు. చాలినంతమంది లేని జట్టు ఓడినట్టేనని లీగు నియమం.

తాలిండా కోచ్ రెజ్ పాస్కో గడ్డం గోక్కున్నాడు.

చేత్తో పట్టి కాలితో తన్నే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో అది ఆ ఏటి చివరి మ్యాచ్. పై డివిజన్లో అట్టడుగున మిగిలినవి ఈ రెండు జట్లే. గెలిచినవాళ్లు పైన ఉంటారు, ఓడినవాళ్లు కింది డివిజన్లోకి దిగుతారు. తాలిండా ఇంతవరకు దిగలేదు. దిగితే రెజ్ హయాంలోనే దిగిందని బీరు కొట్టు గోడలు కూడా చెప్పుకుంటాయి.

మెర్రిగల్ కోచ్ లిండ్నర్ టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

క్యాంటీన్ కిటికీలోంచి రెజ్ భార్య గ్లెనిస్ అరిచింది. “ఏమయ్యా! ఓవెన్ నిండా మాంసం కూరిన ‘పై’లు పెట్టాను. ఆట లేదన్నావో, అన్నీ నీ చేతే తినిపిస్తాను!”

ఆ గోధుమ సీమలో ఒకరికి లేనిది ఇంకొకరు ఇచ్చి ఆదుకోవడం వాడుక. కోతయంత్రమైనా, పొట్టేలైనా, నీళ్ల ట్యాంకరైనా అడిగితే కాదనరు.

“ఆడకుండా గెలిచి ఏం చేసుకుంటాం? సర్దుకుందాంలే,” అన్నాడు రెజ్.

సైరన్ మోగింది. ఆట మొదలైంది.

రెజ్ ఆ ఏడంతా నిజాయితీగానే పనిచేశాడు. బంధుప్రీతి లేదని జిల్లాలో పేరు. సొంత బావమరిది నార్మ్‌ని జట్టులోంచి తీసేసి నీళ్ల సీసాలు మోయించాడు. అయినా జట్టు ఎండల్లో ఓడింది, వానల్లో ఓడింది, పొగమంచులో ఎవరు గెలిచారో తెలియక కాసేపు సంబరపడి మరీ ఓడింది.

ఈ రోజు మాత్రం కుర్రాళ్లు బాగా ఆడుతున్నారు. తాలిండా గోలు కొట్టినప్పుడల్లా మైదానం చుట్టూ కంచెకు ముక్కు ఆనించి నిలబెట్టిన కార్లన్నీ ఒక్కసారి హారన్లు కొట్టేవి. కాకులు లేచి మళ్లీ వాలేవి.

చిక్కంతా మెర్రిగల్ నలభై ఒకటో నంబరుతో వచ్చింది.

పొడుగాటి మనిషి. చొక్కా పొట్టిదై బొడ్డు కనబడుతోంది. వాళ్ల జట్టువాళ్లు కూడా పేరు పెట్టి పిలవకుండా “ఇటు, పొడుగోడా, ఇటు!” అంటున్నారు. బంతి గాల్లోకి లేస్తే చాలు, ముగ్గురి భుజాల మీదుగా వాడి చేతులే పైకొచ్చేవి. పట్టడం, నాలుగు గోలు స్తంభాల్లో నడిమి రెండింటి మధ్యకి తన్నడం. గోలుకు ఆరు పాయింట్లు. మళ్లీ ఆరు.

“ఒరేయ్ పొడుగోడా!” గ్లెనిస్ గరిటె పట్టుకుని కంచె దాకా వచ్చింది. “ఇంకో గోలు కొట్టావంటే ఈ రాత్రికి నీకు కూడు లేదురోయ్!”

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. వాడు ఒక్కసారి ఆమె వైపు చూసి, వెళ్లి ఇంకో గోలు కొట్టాడు.

రెజ్ తన ఆటగాణ్ణి కేకలేశాడు. “వాడు ఎడమకాలితో తంతాడ్రా మొద్దూ! కుడిపక్క కాస్తావేం?”

“నీకు ముందే తెలుసా బావా?” అన్నాడు నార్మ్, సీసా మూత తిప్పుతూ.

రెజ్ కంచె వెంట నాలుగడుగులు వేశాడు. నార్మ్ వెంటే వచ్చాడు.

“ఇలాంటోణ్ణి మనం ఆడించుకుంటే ఈ గతి పట్టేదా?”

“నోరు ముయ్యి. నీళ్లు మొయ్యి.”

మూడో విరామంలో గ్లెనిస్ కమలాపండ్ల ముక్కల పళ్లెం తెచ్చింది. అందరికీ ఇచ్చి, మొగుడికి ఖాళీ పళ్లెం చూపించింది. “ఏడాదంతా ఆ కళ్లు ఎక్కడ పెట్టుకున్నావయ్యా?” అని మాత్రం అడిగి వెళ్లిపోయింది. రెజ్ మెడ బీట్‌రూట్‌లా కందిపోయింది.

చివరి భాగం. తాలిండా అయిదు పాయింట్లు ముందుంది. కార్లలో ముసలాళ్లు హారన్ల మీద చేతులు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఒక్క నిమిషం గడిస్తే చాలు.

బంతి లేచింది. దాని వెనకే పొడుగాటి చేతులు లేచాయి. వాడు పట్టుకోవడం, సైరన్ మోగడం ఒకేసారి జరిగాయి. సైరన్ మోగినా బంతి పట్టినవాడికి ఇంకా ఒక్క తన్ను మిగిలి ఉంటుంది. గోలయితే ఒక్క పాయింటుతో మెర్రిగల్ పైన, తాలిండా కింద.

వాడి గురి చెదరగొట్టాలని కార్లన్నీ ఆగకుండా మోగాయి. రెజ్ కంచెను రెండు చేతులా పట్టుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

“వెనక్కి... ఇంకో రెండడుగులు వెనక్కి జరుగు... ఊపిరి బిగబట్టకు...”

“ఎవరితో మాట్లాడుతున్నావు బావా?”

“ఎవరితోనూ కాదు.”

వాడు రెండడుగులు వెనక్కి జరిగాడు. పరిగెత్తాడు. తన్నాడు.

బంతి నడిమి స్తంభాల మధ్య నుంచి పోయి అవతలి గోధుమ చేలో పడింది.

హారన్లన్నీ ఆగిపోయాయి. లిండ్నర్ టోపీ గాల్లోకి విసిరాడు. తాలిండా కార్లలో ఒకే ఒక్కటి గుక్క తిప్పుకోకుండా మోగుతూ ఉండిపోయింది. అందరూ అటు చూశారు. అది రెజ్ కారే. లోపల గ్లెనిస్, గరిటె పక్కన పడేసి, రెండు చేతులతో హారన్ నొక్కుతోంది.

నలభై ఒకటో నంబరు ఈ ఒక్క ఆటకి వేసుకున్న అరువు చొక్కా విప్పి లిండ్నర్ చేతికిచ్చి, చెమటలు కక్కుతూ రెజ్ ముందుకొచ్చి నిలబడ్డాడు: “నాన్నా, కింది డివిజన్లోనైనా నన్ను ఆడిస్తావా?”