గోడమీది దండ

“తియ్యండి! ముందా దండ తియ్యండి!” పద్మావతి గదిలోకి దూసుకొచ్చింది.

గోడమీద ఆమె మొగుడు గవర్రాజు ఫోటో. దానికి బంతిపూల దండ, ముందు దీపం, ఎదురుగా కెమెరా. కంచరపాలెంలో ఆ ఇంటిని ఒక్కపూటకి అడిగి తీసుకున్న డైరెక్టరు త్రినాథరావు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. పోర్టులో గుమస్తాపని చేసుకుంటూ, పది నిమిషాల దెయ్యం సినిమా తీసి పోటీకి పంపాలని అతని ఆరాటం.

“నాను సెప్తానే ఉన్నాను బావా,” కెమెరా పట్టుకున్న నీలకంఠం గొణిగాడు. “తెల్లసీర, గజ్జెల సప్పుడు, ఆరిపోయే దీపం. ఆకర్న దండేసిన ఫోటో. అందాకా మాటాడినోడు ఎప్పుడో సచ్చిపోయాడని! పోటీకొచ్చే పదింట్లో తొమ్మిది ఇయ్యే. జడ్జీలు ఆవలిత్తారు.”

“ఈ దండ పడితేనేరా జనం ఏడుత్తారు!”

జనం సంగతేమో గానీ పద్మావతి ఏడుస్తోంది. “రెండేళ్లయి ఉత్తరం నేదు, నిజమే. ఓడెక్కి ఎల్లిన మడిసి రాకపోతాడా? బతికున్నోడికి దండేత్తారా? ఈ ఫోటో మీకెవులిచ్చారు?”

“నానే ఇచ్చాను,” అంది మూలన కూచున్న అత్త వరహాలమ్మ.

దండెయ్యడానికి ఫోటో కావాలని నాలుగిళ్లు తిరిగి తిట్లు తిన్నాక, అడగ్గానే ఇచ్చింది ఈమే. పోయినవాడే కాబోలనుకుని త్రినాథరావు వివరం అడగలేదు. ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోయాడు.

“నువ్వు కన్నతల్లివేనా అత్తా?” పద్మావతి దండ తెంపి నేలకేసి కొట్టింది. దిష్టి తియ్యడానికి ఉప్పూ మిరపకాయలూ తేవాలని వంటింట్లోకి పరిగెత్తింది.

ఫోటోలో గవర్రాజు నవ్వుతూ చూస్తున్నాడు. ఆ చూపుకి భయమేసి నీలకంఠం కెమెరా పక్కకి తిప్పేశాడు.

వరహాలమ్మ మెల్లగా లేచి, తెగిన దండ ముడేసి త్రినాథరావు చేతిలో పెట్టింది.

“అది వచ్చేలోగా మళ్లీ ఎయ్యి బాబూ. ఒక్క నిమిషం.”

“ఏటమ్మా, ఇంత గొడవయ్యాక? సినిమా వద్దు, ఏటీ వద్దు.”

ఆమె వంటింటి వైపు చూసి గొంతు తగ్గించింది.

“బీవిలి సముద్రం ఒడ్డుకి కొట్టుకొచ్చిన నా కొడుక్కి నానే కొరివెట్టాను బాబూ. కోడలి బొట్టూ గాజులూ తీయించేత్తారని ఎవులికీ సెప్పనేదు. ఇయ్యాల ఆడి తద్దినం.”